ఎనిమిదో పిన్నీసు

పొద్దున్నుంచి పోసినవి పద్నాలుగు పెసరట్లు. పదిహేనోది తనకోసం పోసుకుని, అట్లకాడతో అంచులు లేపుదామని పెనం మీదికి వంగేసరికి సూసన్‌కి మెడ కింద చురుక్కుమంది. నూనె చిట్లి పడిందేమో అనుకుంది. తడిమి చూసుకుంటే నూనె కాదు, పిన్నీసు. గొలుసుకు వేలాడుతున్న పిన్నీసు నోరు తెరుచుకుని గుచ్చుకుంది.

గొలుసుకు పిన్నీసు ఉంటే వింతేముంది, నందిగామలో ఏ ఇల్లాలి మెడలో చూసినా రెండో మూడో ఉంటాయి. కానీ సూసన్ మెడలో ఇవాళ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉందంటే కొంప మునిగినట్టే. పొయ్యి కట్టేసి, అట్టు పెనం మీదే వదిలేసి, చేతిలో అట్లకాడతోనే ఇంటి పక్క షెడ్డులోకి పరిగెత్తింది.

ఆ పిన్నీసుల సంగతి కొంచెం చెప్పాలి. పాత ఇంజిన్ని విప్పి, కడిగి, మళ్ళీ కట్టేటప్పుడు దానికి ఒళ్ళంతా కన్నాలే. గాలి పోయే కన్నాలు, పొగ వచ్చే కన్నాలు, నూనెకీ నీళ్ళకీ వేరే. వాటిలో ఒక నట్టు జారిపడినా, చిటికెడు దుమ్ము పడినా చేసిన పనంతా దండగ. అందుకని సూసన్ కన్నానికొక గుడ్డ కుక్కుతుంది. గుడ్డ కుక్కినప్పుడల్లా గొలుసుకు ఒక పిన్నీసు పెట్టుకుంటుంది. గుడ్డ బయటికి తీసినప్పుడు ఆ పిన్నీసు గొలుసు నుంచి తీసి ఆ గుడ్డకే గుచ్చి బకెట్లో పడేస్తుంది. ఇంజిన్ కారులోకి దిగేముందు గొలుసు ఖాళీ కావాలి. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి, ఒక్కసారీ తప్పలేదు.

బకెట్ బోర్లించింది. పిన్నీసు గుచ్చిన గుడ్డలు ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే. లేనిది నల్లగుడ్డ. ఇంజిన్ చూస్తే ఎనిమిది గంటలకే ట్రాలీ ఆటో ఎక్కి జగ్గయ్యపేట వెళ్ళిపోయింది. పదకొండూ నలభైకి ముహూర్తం. ఆ గుడ్డ గాలి కన్నంలో ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేస్తే, లోపలికి లాక్కుని, ముక్కలై, వాల్వు కింద ఇరుక్కుంటుంది. వాల్వు వంగుతుంది, పిస్టన్‌కి తగులుతుంది. నాలుగు నెలల పని నాలుగు నిమిషాల్లో బూడిద.

ఎలా మర్చిపోయింది? మర్చిపోవడం కూడా కాదు. ఏడింటికి ఒక్కొక్క గుడ్డే తీస్తోంది. ఇంకొక్కటి ఉందనగా భర్త డేవిడ్‌రాజు పరదా పక్కకి తీసి, "సూసీ, ఇంజిను ఎత్తడానికి మనుషులొచ్చారు. అట్లు పోసెయ్, టీ పెట్టు. మిగతాది నేను బిగిస్తాలే" అన్నాడు. లేచి వెళ్ళింది. పప్పు రుబ్బి ఉంది, అల్లప్పచ్చడి చెయ్యాలి, అయిదుగురు మగాళ్ళు. "ఒక్క నిమిషం, ఇంకో గుడ్డుంది" అని అనొచ్చు. అనలేదు. ఇల్లాలికి ఇంట్లోకి పిలుపొస్తే చేతిలో ఉన్న పని పనే కాదు కదా, లేవడం అలవాటైపోయింది. అయినా ఇప్పుడు ఆమె మనసు డేవిడ్‌రాజుని తప్పు పట్టలేదు. నువ్వే, నువ్వే వదిలేశావు, మీ నాన్న బతికుంటే ఉమ్మేసేవాడు అని తననే తిట్టుకుంది.

నాన్న బాలస్వామి పేరున్న మేస్త్రీ. పరిటాల నుంచి కోదాడ దాకా హైవే మీద ఎవరి లారీ ఆగినా ఆయనకే కబురొచ్చేది. కొడుకులు లేరు, ఉన్న ఒక్క కూతురూ చదువు ఎగ్గొట్టి షెడ్డులో కూర్చునేది. పన్నెండేళ్ళకే ఇంజిన్ సిలిండరు బోరులో వేలుపెట్టి గీత ఉందో లేదో చెప్పేది. డేవిడ్‌రాజు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికొచ్చి అల్లుడయ్యాడు. ఆయన పోయాక బోర్డు మారింది. 'రాజు ఇంజిన్ వర్క్స్. అంబాసిడర్, ఫియట్, జీపు.' డేవిడ్‌రాజు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, మన దగ్గర మొగుళ్ళకి ఈ రెండింటితోనే ఫస్టు క్లాసు మార్కులు పడిపోతాయి. విప్పడంలో దిట్ట, వైరింగులో దిట్ట, మాట్లాడటంలో అందరికంటే దిట్ట. కట్టే ఓపిక మాత్రం లేదు. రింగులు అమర్చడం, టాపెట్లు సరిచెయ్యడం, బోల్టుని ఎంత బిగించాలో చేతికి తెలియడం, ఇవన్నీ సూసన్‌వి. షెడ్డుకి రోడ్డువైపు పూల పరదా కట్టారు. అది కట్టమన్నది అత్తగారు రత్నమణి. "నలుగురూ తిరిగే రోడ్డు. కోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని ఇంజిన్ల మీద ఎక్కి కూర్చుంటే మనల్ని ఏమనుకుంటారు? పెళ్ళాం కష్టం మీద బతుకుతున్నాడంటారు నా కొడుకుని." పరదా లోపల సూసన్, బయట డేవిడ్‌రాజు. ఊరు పరదా బయటిదే చూసింది.

ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"ఏవండీ, ఎక్కడిదాకా వచ్చింది?"

"దింపేసాం. బోల్టులు పడుతున్నాయి. ఏంటి?"

"గాలి కన్నంలో ఒక గుడ్డ ఉండిపోయిందండీ. నల్లది. నా గొలుసుకి పిన్నీసు మిగిలింది."

డేవిడ్‌రాజు గొంతు బాగా తగ్గించాడు. "నేను చూసే బిగించా. ఏం లేదక్కడ."

"లోతుగా ఉంటుంది, కనపడదు. ఆ గాలి గొట్టం ఆరు నట్లూ విప్పి ఒక్కసారి..."

"ఇక్కడ పదిమంది పెద్దమనుషులున్నారు సూసీ. మా ఆవిడ మెళ్ళో పిన్నీసు మిగిలింది, ఇంజిను విప్పుతానని చెప్పమంటావా వాళ్ళకి? పెట్టెయ్."

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

తొమ్మిదీ నలభై. సూసన్ చీర మార్చుకుంది. క్యారియర్ తీసి, మిగిలిన రెండు అట్లూ పచ్చడీ సర్దింది. కింది గిన్నెలో మాత్రం అట్లు పెట్టలేదు, గుడ్డలో చుట్టి అరంగుళం పానా పెట్టింది. అది చూస్తే ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది. చెయ్యబోయేది చక్కబెట్టే పని, దానికీ దొంగలా క్యారియర్ చాటు కావాలా?

"ఎక్కడికే?" వసారాలో కూర్చున్న రత్నమణి అడిగింది.

"పేటకి. ఆయన టిఫిను సరిగా తినలేదు."

"మగాళ్ళు పనిచేసే చోట నీకేం పనంట? ఆకలేస్తే వాళ్ళే పెడతారు, గొప్పోళ్ళు."

సూసన్ బస్టాండుకి నడిచింది.

బస్సులో ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు చింపిచ్చాడు కండక్టర్. కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో క్యారియర్ పెట్టుకుంది. బస్సు చిల్లకల్లు వైపు పోతుంటే, సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి అడ్డం వస్తుంటే, ఆమె బుర్రలో గుడ్డ ఒక్కటే తిరిగింది. గుడ్డ ఉందని చెప్పడం కంటే అది ఏ గుడ్డో తలుచుకుంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. రత్నమణి ఇంట్లో ఒక నియమం ఉంది. మగాళ్ళ పాతబట్టలు చింపకూడదు. లుంగీ చిల్లులు పడినా, బనీను పీలికలైనా సరే, మగాడి బట్ట మసిగుడ్డ చేస్తే వాడి ఆయుష్షు తగ్గుతుందంటుంది. ఆడవాళ్ళ ఆయుష్షుకి అలాంటి పట్టింపులేం లేవు. అందుకని షెడ్డులో వాడేవన్నీ సూసన్ పాత జాకెట్లూ నైటీలూ. ఈసారి ఎనిమిదో ముక్క ఆమె నల్ల లంగాది. నాడా దోపే అంచుతో సహా చింపింది, మందంగా ఉంటుందని. దాన్ని అంతమంది మగాళ్ళ ముందు, పసుపూ కుంకుమా పెట్టిన కారులోంచి లాగాలి. దేవుడా, బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండు అనుకుంది. ఆ వెంటనే, ఆగకూడదు, ఆగకూడదు అనుకుంది.

ఆ కారు భవానీప్రసాద్‌ది. వాళ్ళ నాన్న కొన్న అంబాసిడర్, ఇరవై ఏళ్ళు మిల్లు గోడౌన్లో ఎలుకలకి కాపురమైంది. దాన్ని బాగు చేయించి, మొదటి ప్రయాణం పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికి చెయ్యాలని ఆయన ముచ్చట. రెండు నెలల క్రితం పని చూద్దామని నందిగామ వచ్చాడు. రంగు వేసి ఆరబెట్టిన ఇంజిన్ని చేత్తో నిమిరి, "రాజూ, నీ చేతిలో ఏదో ఉందయ్యా" అన్నాడు. డేవిడ్‌రాజు తలొంచుకుని నవ్వాడు. అప్పుడే సూసన్ టీ తెచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళ చివర నల్లగా ఉండటం ఆయన కంటపడింది. "ఏమ్మా, నువ్వూ సాయం చేస్తావా మీ ఆయనకి?" అని మామూలుగానే అడిగాడు. పెద్ద మర్యాదస్తుడు. అవునంటే సరిపోయేది. సూసన్ మాత్రం వేళ్ళు మడుచుకుని, "లేదండీ, పెనం తోముతున్నా" అంది.

ఎవరూ చెప్పమనలేదు ఆ అబద్ధం. డేవిడ్‌రాజు కళ్ళతో సైగైనా చెయ్యలేదు. తనే చెప్పింది. ఆ రాత్రంతా తనమీద తనకి ఎంత రోత పుట్టిందో ఎవరికీ తెలియదు. శనివారం శనివారం నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుని, ఆదివారం చర్చిలో రొట్టె తీసుకునేటప్పుడు చెయ్యి సగమే చాచే మనిషి ఆమె. ఇన్నాళ్ళూ ఎవరో దాస్తున్నారని ఏడ్చింది కానీ, దాచడంలో అందరికంటే తనే ముందుంది.

పేటలో దిగి ఆటో ఎక్కి ఆ ఇంటి గేటు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. వాకిట్లో వేపచెట్టు కింద తెల్ల అంబాసిడర్ పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. బానెట్ మీద పసుపు బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు. కుర్చీల్లో ఏడెనిమిది మంది పెద్దమనుషులు. భవానీప్రసాద్ పట్టుపంచెలో కొబ్బరికాయ పట్టుకుని ఉన్నాడు. భార్య భారతీదేవి హారతి పళ్ళెం సర్దుతోంది. సూసన్‌ని చూడగానే డేవిడ్‌రాజు మొహం మాడిపోయింది. అంతలోనే సర్దుకుని, "మా ఆవిడండీ. అన్నం తెచ్చింది" అని అందరికీ చెప్పి, గబగబా గేటు దాకా వచ్చాడు.

"వెళ్ళిపో" అన్నాడు, పెదాలు కదలకుండా. "అంతా అయిపోయింది. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇక్కడ అల్లరి చెయ్యకు."

ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం చూసి సూసన్ ఒక్క క్షణం మెత్తబడింది. క్యారియర్ ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు. ఇంజిన్ పాడైతే పెట్రోలు మీదికో, గుంటూరు నుంచి వచ్చిన వాల్వుల మీదికో నెట్టెయ్యగలడు, ఆ నేర్పు ఆయనకుంది. ఎవరికీ తెలియదు. పిన్నీసు తీసి బీరువాలో పడేస్తే తనకీ తెలియనట్టే. భవానీప్రసాద్ డ్రైవరు సీటులో కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు.

"ఆగండి" అంది సూసన్.

గొంతు తనది కానట్టు గట్టిగా వచ్చింది. అందరూ చూశారు.

"తిప్పకండి సార్. ఇంజిన్లో గుడ్డ ఉంది."

"ఆమెకేం తెలుసండీ" డేవిడ్‌రాజు నవ్వబోయాడు. "ఎక్కడో చూసి కంగారుపడుతోంది. నేను కట్టిన ఇంజిను నాకు తెలియదా?"

భవానీప్రసాద్ తాళం మీద చెయ్యి తియ్యలేదు. "ఏ గుడ్డమ్మా? ఎవరు పెట్టారు?"

ఇప్పుడు చెప్పాలి. పదకొండేళ్ళలో ఎన్ని మంచి ఇంజిన్లు గేటు దాటి వెళ్ళాయో, ఒక్కదాని గురించీ నోరు విప్పి నాదీ అనలేదు. మొదటిసారి అనాల్సి వచ్చింది ఇదిగో, ఇలా, తప్పు చేసిన ఇంజిన్ గురించి. మొహమంతా మంట పుట్టింది. నేల చీలితే దూరిపోదామనిపించింది.

"నేనేనండి. ఈ ఇంజిన్ కట్టింది నేను. గుడ్డ పెట్టిందీ, తియ్యడం మర్చిపోయిందీ నేనే."

కుర్చీల్లో ఎవరో దగ్గారు. భవానీప్రసాద్ ఆమె చేతుల వైపు చూశాడు. "ఆ రోజు పెనం తోముతున్నానన్నావు కదమ్మా."

"అబద్ధం చెప్పానండి."

ఇక ఎవరినీ చూడలేదు. క్యారియర్ కింది గిన్నెలోంచి పానా తీసింది. కొంగు బొడ్లో దోపింది. బానెట్ లేపి, వంగి, మోచేతులదాకా చేతులు లోపలికి పెట్టి, ఆరు నట్లూ వరసగా విప్పి కుంకుమ పళ్ళెం పక్కన పెట్టింది. గొట్టం పక్కకి జరిపి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చింది. లేదు. ఇంకొంచెం లోపలికి పోనిస్తే తగిలింది. లాగింది.

నల్లగుడ్డ, బెత్తెడు. నాడా అంచు స్పష్టంగా ఉంది. కుర్చీల్లో మగాళ్ళు ఒక్కసారిగా వేపచెట్టులో ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు. డేవిడ్‌రాజు తల ఎత్తలేదు. పంతులుగారు, "ముహూర్తం దాటిపోయిందండీ" అని గొణిగాడు. సూసన్ గొలుసు నుంచి పిన్నీసు తీసి ఆ గుడ్డకి గుచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

భారతీదేవి దగ్గరికొచ్చింది. ఓదార్చలేదు, నవ్వలేదు. "అమ్మవారి దగ్గరికి వెళ్ళే బండి" అంది మెల్లగా, సూసన్‌కి మాత్రమే వినపడేలా. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తర్వాత హారతి పళ్ళెం కింద పెట్టి, ఆ గుడ్డ వైపు ఇంకోసారి చూసి, "ఇంకేమన్నా ఉన్నాయా లోపల?" అని అడిగింది.

"లేవండి. మెడలో పిన్నీసు లేదు."

భారతీదేవికి అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపింది.

భవానీప్రసాద్ కారు దిగాడు. "ఇప్పుడు తిప్పొచ్చా రాజూ?" అని అలవాటు కొద్దీ డేవిడ్‌రాజునే అడిగాడు.

"ఇప్పుడే కాదండి" అంది సూసన్. "ముందు ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పాలి. నూనె పైదాకా రావాలి. ఏవండీ, హ్యాండిలివ్వండి."

ఇచ్చాడు. గొట్టం మళ్ళీ బిగించి, ప్లగ్గులు తీసి, ముందువైపు హ్యాండిల్ దోపి తిప్పింది. పదిసార్లు, ఇరవైసార్లు. చీరకి మట్టి అంటింది. పైమూత తీసి, లోపల వాల్వుల్ని తొక్కే రాకర్ల మీద నూనె తళుక్కుమనడం చూశాక ఆపింది. మూతా ప్లగ్గులూ మళ్ళీ బిగించాక, పన్నెండుంబావుకి ఇంజిన్ అందుకుంది. రెండుసార్లు దగ్గి, తర్వాత కుట్టుమిషన్‌లా సాఫీగా నడిచింది. పెద్దాయన ఒకాయన లేచొచ్చి డేవిడ్‌రాజు భుజం తట్టి, "భేష్ రాజూ, మీ మామ పేరు నిలబెట్టావు" అన్నాడు. చూసినవాళ్ళకే అంత అలవాటైపోయింది మరి, సూసన్ మాత్రం ఎవర్ననగలదు?

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీలో అనాసాగరం దాటాక డేవిడ్‌రాజు నోరు విప్పాడు.

"పరువు తీసావు" అన్నాడు చివరికి. "చెవిలో చెప్తే సరిపోయేది కదా."

"ఫోన్లో చెవిలోనే చెప్పా."

ఇంటికొచ్చేసరికి కబురు వాళ్ళకంటే ముందే వచ్చేసింది. రత్నమణి గుమ్మంలోనే నిలబడి ఉంది. "లంగా గుడ్డ పదిమందికీ చూపించి వచ్చావంట. నా కొడుకు ఇక పేటలో తలెత్తుకు తిరుగుతాడా?" సూసన్ లోపలికెళ్ళి, పొద్దున పెనం మీద వదిలేసిన అట్టు చూసింది. చల్లారి, ఎండి, పెనానికి అతుక్కుపోయి ఉంది. దాన్ని గీకింది. పెనం తోమింది. ఈసారి నిజంగానే తోమింది.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదంది. నిజానికి మొహం చెల్లలేదు. కళ్ళు మూస్తే చాలు, వేపచెట్టు వైపు తిరిగిన ఆ తలలన్నీ కనిపించేవి. కానీ ఇంకోటి కూడా కనిపించేది. ఇంజిన్ కట్టింది నేను అన్నప్పుడు తన నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. సిగ్గుతో సగం చచ్చిన నోట్లోంచి కూడా.

సోమవారం కంచికచర్ల నుంచి ఒక జీపు ఇంజిన్ వచ్చింది. డేవిడ్‌రాజు రెండ్రోజుల్లో విప్పేశాడు. బుధవారం పొద్దున సూసన్ షెడ్డులోకి వెళ్ళింది. కన్నాలకి గుడ్డలు కావాలి. అత్తగారి బీరువాలో మగాళ్ళ లుంగీలు మడతలు మడతలుగా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. తన పాత జాకెట్ల మూట విప్పి, మళ్ళీ ముడేసి పక్కన పెట్టింది. స్టూలు ఎక్కింది. పరదా తాడు విప్పి కిందికి లాగింది.

మంచి మందపాటి గుడ్డ. పళ్ళతో అంచు కొరికి, బలంగా చింపింది. ఆ చప్పుడుకి రత్నమణి వసారాలోంచి, "ఏంటే అది?" అంది. డేవిడ్‌రాజు ముందువైపు నుంచి వచ్చి, రోడ్డు మొత్తం లోపలికి కనబడుతుంటే అలాగే నిలబడిపోయాడు.

"గుడ్డలు కావాలి" అంది సూసన్.

ఎనిమిది ముక్కలు చేసింది. లెక్కపెట్టుకుంది. రోడ్డు మీద ఆటో ఒకటి నెమ్మదించి, లోపల కూర్చున్నవాళ్ళు తలలు బయటపెట్టి చూసి వెళ్ళారు. ఆమె చెవులు సిగ్గుతో కాలిపోయాయి. కాలనిచ్చి, మొదటి ముక్క కుక్కి, గొలుసుకు పిన్నీసు పెట్టుకుంది.